యుద్ధం వేళ నాతో వాదించిన సుబేదారు గారు

గురువారం ఉదయం ఫోన్ మోగింది. సుబేదారు గారి అమ్మాయి లక్ష్మి. "టీచర్ గారూ, నాన్నగారు వెళ్ళిపోయారండీ" అంది. "ఎక్కడికమ్మా, రాజమండ్రి వెళ్ళారా?" అని అడిగాను. జీవితమంతా పిల్లలకు తెలుగు పాఠం చెప్పినదాన్ని, ఆ చిన్న మాట దగ్గర తడబడ్డాను. అవతల ఏడుపు వినిపించాక గానీ దాని అర్థం నా బుద్ధికి ఎక్కలేదు. చేతిలో కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

మట్టపర్తి వీర్రాజు గారు పరమపదించారు. సైన్యంలో సుబేదారుగా పదవీ విరమణ చేసి, కడియం దగ్గర మా ఊళ్ళో నర్సరీ పెట్టుకుని, పిల్లా పెద్దా అందరికీ 'సుబేదారు గారు'గానే పరిచితులైన ఆ పెద్దమనిషి, ఆ ఉదయం అంటుమొక్కలకు నీళ్ళు పెట్టించి, నర్సరీ గట్టు మీద కుర్చీలో కూర్చుని టీ తాగి, ఖాళీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, వెనక్కి వాలి కన్నుమూశారట. వ్యాధి లేదు, యాతన లేదు, ఒకరి చేత చేయించుకోవలసిన అవసరం రాలేదు. పని చేసినంతసేపూ చేసి, పని మధ్యలోనే విశ్రమించారు. ఆయన కోరుకున్న పోకడే అది. ఆ సంగతి తలచుకుంటే దుఃఖంలోనూ ఒక తృప్తి కలుగుతోంది.

ముందు రోజు సాయంత్రం కూడా మా గేటు దగ్గర నిలబడి నాతో వాదించారు. దేని మీద అని అడిగితే చెప్పడం కష్టం. మా వాదాలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరేవి. దేశం యుద్ధంలో ఉన్నప్పుడు పౌరుడు ప్రభుత్వాన్ని ప్రశ్నించవచ్చా, ఆ ప్రశ్న శత్రువుకి బలమవుతుందా. బలమవుతుందని ఆయన, కాదని నేను. చివరిదాకా ఆయన నన్ను ఒప్పించలేదు, నేను ఆయన్ని ఒప్పించలేదు. అయినా నా జీవితంలో ఇంత సంతోషాన్నిచ్చిన స్నేహాలు ఎక్కువ లేవు. ఆ స్నేహం ఎలా మొదలైందో, ఎటువంటి పరీక్షకు నిలిచిందో ఈ తరానికి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన కోనసీమలో పుట్టారు. మీసం రాకముందే సైన్యంలో చేరారు. యువకుడిగా ఒక యుద్ధం చూశారు. పదవీ విరమణ తరవాత అత్తవారి ఊరైన మా ఊరికి వచ్చి, కొద్దిపాటి నేలలో నర్సరీ మొదలుపెట్టారు. ఆయన మొక్కలు లారీల మీద ఉత్తరాదికి వెళ్ళేవి. డ్రైవర్ పక్కన నిలబడి, "ఆ ఊళ్ళో చలెక్కువ, ఈ వరస మొక్కలకి గోనె కట్టాలి. అక్కడ గాలికి ఇసక లేస్తుంది, పరదా గట్టిగా బిగించండి" అని ఊరూరికీ ఒక జాగ్రత్త చెప్పేవారు. "నేను కాపలా కాసిన ఊళ్ళకి ఇప్పుడు నా గులాబీలు వెళుతున్నాయండి. నాకంటే వాటినే ఆదరంగా చూస్తున్నారు" అని నవ్వేవారు. నర్సరీలో కూలికి వచ్చే ఆడవాళ్ళని కూడా 'అండి' అనకుండా పిలిచి ఎరగరు.

నేను రాజమండ్రిలో కాలేజీ ఉద్యోగం ముగించుకుని, మావారి స్వగ్రామమని ఈ ఊరికి వచ్చాక, ఇక్కడి గ్రంథాలయంలో ఆదివారం సభలు మొదలుపెట్టాను. మొదటి సభలో మన కావ్యాల్లో వీరరసం గురించి మాట్లాడాను. వీరుడు సింహనాదం చేస్తే శత్రువుల గుండెలు జారిపోయాయని వర్ణిస్తుండగా, వెనక వరసలోంచి నిటారుగా ఒకాయన లేచారు.

"ఒక్క సందేహమండి. మేము యుద్ధంలో అరిచేవాళ్ళం కాదండి. అరిస్తే ఎక్కడున్నామో తెలిసిపోతుంది."

సభ గొల్లుమంది. నేనూ ఊరుకోలేదు. "మీరు అరవలేదు కాబట్టే మీ మీద పద్యం రాలేదండి" అన్నాను.

అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వారు. సభ అయ్యాక దగ్గరికొచ్చి, "వచ్చే ఆదివారం కూడా వస్తానండి. మీతో దెబ్బలాట బావుంది" అన్నారు. అన్నట్టే వచ్చారు. ఆ తరవాత ఆయన లేని ఆదివారం దాదాపు లేదు.

సరిహద్దులో యుద్ధం వచ్చిన వేసవి అందరికీ గుర్తుండే ఉంటుంది. ముందు సామాన్య జనం మీద దాడి, ఆ పైన యుద్ధం. టీవీల హోరు, ఫోన్లలో నిమిషానికొక వదంతి. మా ఊరి మంగతాయారు కొడుకు సతీష్ జవానుగా సరిహద్దులోనే ఉన్నాడు. ఆ ఆదివారం సభలో పిల్లలు దేశభక్తి గేయాలు పాడారు. చివర నన్ను మాట్లాడమన్నారు. సైనికులకు నమస్కరించాను. ఆ తరవాత నా మనసులో ఉన్నమాట చెప్పాను. "మన కాపలా దాటి ఆ హంతకులు ఎలా లోపలికి వచ్చారు? ఆ లోపానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఈ యుద్ధం ఎక్కడ ఆపాలో ముందే ఆలోచించుకున్నారా? ఈ మూడూ అడిగే హక్కు మనకుంది" అన్నాను.

చప్పట్లకు బదులు గుసగుసలు వినిపించాయి. ఎవరో ఫోన్‌లో నా మాటలు పట్టారు. సాయంత్రానికి అది ఊళ్ళు దాటింది. 'శత్రువుకి సాయం చేస్తున్న టీచరమ్మ' అని దానికి ఒక పేరు కూడా తగిలించారు. ఎవరెవరో ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టారు. మావారు నా ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశారు.

మర్నాడు పొద్దున్నే సుబేదారు గారు వచ్చారు. ఆయన ముఖం అలా ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచర్ గారూ, మీరు చేసింది తప్పండి" అన్నారు.

"ఏది తప్పండీ? అడగడమా, నేనడిగిందా?"

"అడిగిందాంట్లో తప్పు లేదు. అడిగిన వేళ తప్పు. ఇంట్లో ఎంతైనా పోట్లాడుకోవచ్చండి. వీధి తలుపు తీసి పోట్లాడుకోకూడదు."

"మరి అడిగే వేళ ఎప్పుడొస్తుందో ఎవరు చెబుతారండీ? వేళ నిర్ణయించేది కూడా, ఎవరిని అడుగుతున్నామో వాళ్ళేనా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, తాను యుద్ధంలో ఉన్నప్పటి సంగతి చెప్పారు. సాయంత్రాలు కందకంలో ఉండగా శత్రువు రేడియో వినిపించేదట. మన ఊళ్ళల్లో, మన సభల్లో మనవాళ్ళే మన ప్రభుత్వాన్ని విమర్శించిన మాటలు ఏరి ఏరి, మనకు అర్థమయ్యే భాషలో చదివేవారట. "మా దళంలో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడండి. అవి విని, 'సాబ్, ఇంటి దగ్గర వాళ్ళకే ఇష్టం లేకపోతే మనమిక్కడ ఎందుకున్నాం?' అని అడిగాడు. వాడి మొహం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఆ మాటలు మాట్లాడినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, మీలాగ. కానీ అవి ఎక్కడ తేలాయో వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు."

ఒక్కటి మాత్రం ఒప్పుకున్నాను. సైన్యం ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్న మాట నా నోటినుంచి ఎన్నడూ రాదని చెప్పాను. "ఎక్కడున్నారని అడగను. ఎందుకున్నారని అడుగుతాను" అన్నాను. ఆయన తల పంకించారు, కానీ ఒప్పుకోలేదు. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. గేటు మాత్రం మెల్లగా వేశారు.

ఆ సాయంత్రమే గ్రంథాలయం దగ్గర గుంపు చేరింది. తాళం వేసెయ్యాలని, సభలు మానెయ్యాలని, నేను క్షమాపణ చెప్పాలని వాళ్ళ పట్టు. ముందున్నది ఎరువుల షాపు శ్రీనివాసు. చెడ్డవాడు కాదు, ఆవేశపరుడు. నేను లోపల పుస్తకాలు సర్దుతున్నాను. కిటికీలోంచి చూస్తే సుబేదారు గారు వచ్చి, గుంపుని దాటుకుని, మెట్ల మీద మధ్యలో కూర్చోవడం కనిపించింది.

శ్రీనివాసుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. "సుబేదారు గారూ, మంచి టైముకి వచ్చారండి. దేశం కోసం పోరాడినోరు, మీరే చెప్పండి. ఆవిడ మాట్లాడింది శత్రువుకి సాయమా కాదా?"

"సాయమే అవుతుందని నేను పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి చెప్పొచ్చాను" అన్నారాయన. గుంపులో ఈలలు వేశారు.

ఆయన చెయ్యెత్తి ఈలలు ఆపించారు. "ఆ వీడియో తీసిందెవరు?"

"మేమేనండి" అన్నాడు శ్రీనివాసు, ఛాతీ విరుచుకుని. "ఊరూరా పంపాం. హైదరాబాదు దాకా వెళ్ళిందండి."

"ఆవిడ ఈ గదిలో, మనూరి వాళ్ళ ముందు మాట్లాడింది. గోడలు దాటి వినిపించలేదు. దాన్ని మోసుకెళ్ళి లోకమంతా చల్లింది మీరు. శత్రువు చెవిన పడిందంటే, చేరవేసిందెవరు మరి?"

నాకంటే ముందు గుంపులోనే ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీనివాసు ముఖం చూస్తే జాలేసింది.

"అది కాదండి..." అని ఏదో అనబోయాడు.

"ఇంకోటి వినండి. ఆవిడకీ నాకూ తగువుంది. అది తేలలేదు. వచ్చే ఆదివారం ఇదే గదిలో, అందరి ముందూ ఆవిడకి జవాబు చెబుదామనుకుంటున్నాను. మీరు తాళం వేసేస్తే నేనెక్కడ నిలబడి చెప్పను? మీరంతా రండి. నా తరఫున చప్పట్లు కొట్టండి. ఆవిడ మాట్లాడేటప్పుడు మాత్రం కదలకుండా వినాలి. వినడం కూడా డ్యూటీయే."

తాళం పడలేదు. చీకటి పడకముందే అందరూ ఎవరి దారిన వారు వెళ్ళారు. నేను బయటికి వచ్చి కృతజ్ఞతలు చెప్పబోతే, "నేనింకా మీకు వ్యతిరేకమేనండి. ఆదివారం చూసుకుందాం" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం గ్రంథాలయంలో కుర్చీలు చాలలేదు. కిటికీల బయట కూడా జనం. ముందు సుబేదారు గారు మాట్లాడారు. ఉపన్యాస ధోరణి ఆయనకి తెలియదు. హాజరు చెప్పే సైనికుడిలా నిలబడి చెప్పారు. "యుద్ధంలో శత్రువు మన తుపాకులతో పాటు మన మనసులు కూడా చూస్తాడండి. వీళ్ళలో వీళ్ళకే పడటం లేదనిపిస్తే, ఇంకొన్నాళ్ళు లాగుదామనుకుంటాడు. ఆ కొన్నాళ్ళలో పోయేది మన సతీష్ లాంటి పిల్లలు. అందుకని, యుద్ధం ముగిసేదాకా నోరు కట్టుకోండని దణ్ణం పెట్టి అడుగుతున్నాను."

చప్పట్లు మారుమోగాయి. నేను లేచాను. వారం రోజులుగా ఆలోచించుకున్నదే చెప్పాను. "మన కాపలాలో లోపం ఎక్కడుందో శత్రువుకి నేను చెప్పనక్కర్లేదు. అతను అందులోంచే వచ్చాడు. తెలియనిది మనకే. అడిగేవాళ్ళు లేకపోతే ఆ లోపాన్ని దాచేస్తారు. దాచిన లోపంలోంచి మళ్ళీ వస్తారు. అప్పుడు పోయేది కూడా సతీష్ లాంటి పిల్లలే."

వెంటనే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదటి వరసలో కూర్చున్న మంగతాయారు లేచి నిలబడింది. సభలో మాట్లాడటం ఆవిడకి అదే మొదలు. "టీచర్ గారడిగిందే నేనూ అడగాలనుకున్నానండి. నా కొడుకుని పంపించుకున్నదాన్ని, నాకు కాక ఎవరికుంటుంది ఆ ప్రశ్న? కానీ నేనడిగితే వాడి మనసు కలత పడుతుందేమోనని ఫోన్‌లో అన్నం తిన్నావా, నీళ్ళు దొరుకుతున్నాయా అనే అడుగుతున్నాను. సుబేదారు గారు చెప్పిందీ నిజమే, టీచర్ గారు చెప్పిందీ నిజమే. నాకు రెండూ కడుపులోనే ఉన్నాయండి" అని కూర్చుంది.

అప్పుడు సుబేదారు గారు మళ్ళీ లేచారు. ఆ దృశ్యాన్ని నేను బతికున్నంతకాలం మరచిపోను.

"టీచర్ గారికి నేను మొన్న రేడియో సంగతి చెప్పానండి. సగమే చెప్పాను. మిగతాది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ కుర్రాడు, మనమిక్కడ ఎందుకున్నాం సాబ్ అనడిగితే నేనేమన్నానో తెలుసా? 'ఒరేయ్, వాళ్ళ రేడియోలో మనవాళ్ళు తిట్టుకోవడం వినపడుతోంది గానీ, వాళ్ళవాళ్ళు తిట్టుకోవడం ఒక్కరోజైనా వినపడిందా? అక్కడ అడిగేవాడే లేడురా. మనకున్నాడు. దానికోసమే ఉన్నామనుకో' అన్నాను. వాడు నవ్వాడు. ఆ తరవాత ఆ రేడియోని ఎగతాళి చేసుకుంటూ వినేవాళ్ళం."

ఒక్క క్షణం ఆగి, "ఇది నా వాదనకి పనికొచ్చేది కాదని నాకు తెలుసు. ఆవిడకే పనికొస్తుంది. అయినా జరిగిందే చెప్పాలి కదండీ. అలాగని నా కోపం పోలేదు. ఆ రేడియో అంటే ఇవాళ్టికీ నాకు కోపమే" అని కూర్చున్నారు.

ఎదుటి పక్షానికి బలమిచ్చే సత్యాన్ని స్వహస్తాలతో తీసుకొచ్చి సభ మధ్య నిలిపిన వక్తని నేను అంతకుముందు చూడలేదు. కాలేజీలో ఎందరో పండితుల వాగ్వివాదాలు విన్నాను. గెలుపు కోసం ప్రమాణాలను మరుగుపరచడం చూశాను. ఆత్మవిజయం అనే మాటను పాఠాల్లో ఎన్నోసార్లు వివరించాను. దానికి ప్రత్యక్ష వ్యాఖ్యానం ఆ రోజు మా ఊరి గ్రంథాలయంలో దొరికింది. ఈసారి చప్పట్లు ఏ పక్షానికి కొడుతున్నారో కొడుతున్నవారికే తెలియలేదు.

యుద్ధం ఆగింది. సతీష్ సెలవు మీద క్షేమంగా ఇంటికి వచ్చాడు. సుబేదారు గారు ఒక పనస మొక్క పట్టుకెళ్ళి వాళ్ళ పెరట్లో తనే గొయ్యి తీసి నాటారు. మంగతాయారు అందరికీ బూరెలు వండి పెట్టింది. ఆ మధ్యాహ్నం మేము యుద్ధం మాటే ఎత్తలేదు. సతీష్ కళ్ళు మూతలు పడుతుంటే ఆయనే లేచి ఫ్యాను వేగం పెంచి, మమ్మల్నందర్నీ సైగ చేసి బయటికి పంపించారు.

కొన్నాళ్ళకి ఆయనే నా దగ్గరికొచ్చారు. "యుద్ధం అయిపోయింది కదా టీచర్ గారూ. ఇప్పుడు అడగండి మీ ప్రశ్నలు. నేను పక్కన నిలబడతాను" అన్నారు. సరేనని ఆదివారం సభకి అదే విషయం ప్రకటించాం. సభకి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊరంతా క్రికెట్ చూస్తోంది. అయినా నేనడిగాను, ఆయన పక్కన నిలబడ్డారు. తిరిగి వస్తుంటే దారిలో అన్నారు: "యుద్ధంలో అడిగితే వేళ కాదన్నాను. యుద్ధం అయ్యాక అడిగితే వినేవాడే లేడు. ఇందులో మీరే కొంచెం గెలిచారండి."

"కొంచెమేనా?"

"కొంచెమే."

అది మొదలు ఆయనకి ఒక కొత్త సరదా పుట్టింది. కాలవలో పూడిక తీయలేదని అధికారులు వచ్చినప్పుడల్లా ముందుకెళ్ళి, అమిత వినయంగా, "ఇప్పుడు యుద్ధం లేదు కదండీ, అడగొచ్చు కదా?" అని మొదలుపెట్టేవారు. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నాకు నవ్వాగేది కాదు. రెండుమూడుసార్లు అడిగించుకున్నాక కాలవ పూడిక తీశారు. నీళ్ళొచ్చిన రోజు మా ఇంటికొచ్చి, "ఇదిగో, ఇది మీ ఖాతాలో వేసుకోండి" అన్నారు.

భిన్నాభిప్రాయం వల్ల దేశం బలహీనపడుతుందా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే పుస్తకాల్లోని ప్రమాణాలు చూపించబోను. ఒక మనిషిని చూపిస్తాను. తాను తప్పని నమ్మిన మాటను ఆ మాట అన్నవాళ్ళ ఎదుటే తప్పని చెప్పి, ఆ మాట అన్న నోటికి కాపలా కూర్చున్న మనిషి. అటువంటివారున్న ఊరు నా ప్రశ్న వల్లా చెడిపోలేదు, ఆయన కోపం వల్లా చెడిపోలేదు. ఆ వేసవి తరవాత మా ఊళ్ళో మనుషులు ఒకరినొకరు కాస్త మర్యాదగా కాదనడం నేర్చుకున్నారు. నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట ఇది.

గోదావరి ఒడ్డున అంత్యక్రియలు ప్రశాంతంగా జరిగాయి. లక్ష్మి ధైర్యంగా నిలబడి తండ్రికి తలకొరివి పెట్టింది. సతీష్ సెలవు దొరకక రాలేకపోయాడు. మంగతాయారు ఫోన్‌లో చూపిస్తుంటే అక్కడినుంచే నిలబడి సెల్యూట్ చేశాడు. ఆయన నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు ఆ రోజు కూలి మానుకుని, మొక్కలకి మాత్రం నీళ్ళు పెట్టి వచ్చారు.

నిన్న ఆదివారం సభ ఉంచాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఎరువుల షాపు శ్రీనివాసు వచ్చాడు. "సభ మానొద్దండి. సుబేదారు గారి పక్షం నేను మాట్లాడొచ్చాండీ?" అని అడిగాడు. మాట్లాడమన్నాను. బాగానే మాట్లాడాడు. గొంతు పెంచలేదు. నా మాటలకి అడ్డు రాలేదు. వాదన కూడా పదునుగానే ఉంది.

కానీ ఎదుటివారి పక్షాన ఉన్న నిజం తనకే గుర్తొచ్చి, మధ్యలో లేచి, అది కూడా చెప్పి కూర్చోవడం అతనికి ఇంకా రాలేదు. నాకూ రాదు. మా ఊళ్ళో అది వచ్చినవారు ఒక్కరే. ఆ ఒక్కరికి, నాతో ఏకీభవించని నా ఆప్తమిత్రునికి, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.